ఏడో తరగతి లెక్కల్లో నాలుగు ఖాళీ గడులు

శంషాబాద్ బస్టాండు వెనక వీధిలో ఉన్న ఆ ప్రైవేటు హైస్కూల్లో సునీత టీచరంటే పిల్లలకంటే తల్లిదండ్రులకే ఎక్కువ గురి. పిల్లల్ని చేర్చడానికి వచ్చినవాళ్లు ఆఫీసులో కూర్చోకముందే "లెక్కలకు సునీత మేడమేనా?" అని అడిగేవారు. అవునంటే మారు మాట్లాడకుండా ఫీజు కట్టి వెళ్లేవారు.

ఆమెది కొత్వాల్‌గూడ. జంగయ్య, పోచమ్మల పెద్ద కూతురు. సర్కారు బడిలో చదువుతున్నప్పుడు లెక్కలంటే ఆమెకి హడలు. తొమ్మిదో తరగతిలో ఒక సారు ఆ భయం పోగొట్టాడు. "అర్థం గాకున్నా ఏం గాదు బిడ్డా, మెట్టు తర్వాత మెట్టు గుర్తుపెట్టుకో, చాలు" అన్నాడు. సునీత మెట్లు గుర్తుపెట్టుకుంది. ఆ మెట్లే ఆమెను పదో తరగతి దాటించాయి, డిగ్రీ దాటించాయి, బీయీడీ చేయించాయి. తనను ఒడ్డున పడేసిన ఆ పద్ధతినే ఆమె తన పిల్లలకీ నేర్పింది. బోర్డు మీద లెక్క వేసేది, పిల్లలు పదేసిసార్లు రాసేవారు, పరీక్షలో అంకెలు మార్చి అదే లెక్క ఇచ్చేది. పిల్లలు కళ్లు మూసుకుని చేసేవారు. దిద్దుతుంటే ఎర్రసిరా పెన్ను సున్నా చుట్టాల్సిన అవసరమే రాదని తోటి టీచర్లు మెచ్చుకునేవారు.

2013లో బడి నడిపే కరస్పాండెంటు నరసరాజు ఒక ఆన్‌లైన్ పోర్టల్ కొన్నాడు. ఆయన భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. ఎయిర్‌పోర్టు వచ్చాక చుట్టూ కాలనీలు లేచాయి, ఆయన బడి మూడంతస్తులైంది. కానీ అంతకంటే వేగంగా పెద్ద పెద్ద స్కూళ్ల పసుపు బస్సులు కూడా ఈ వైపు రావడం మొదలైంది. వాటికి దీటుగా నిలబడాలంటే తన దగ్గరా ఏదో ఒక కొత్తది ఉండాలి.

"ఇక నుంచి పరీక్ష పెట్టి మార్కులు వేస్తే సరిపోదండీ," అని టీచర్లందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "ప్రతి ప్రశ్న పిల్లవాడిలో ఏ శక్తిని పరీక్షిస్తోందో ఈ పోర్టల్‌లో చూపించాలి. తల్లిదండ్రులు ఇంట్లో కూర్చుని చూసుకుంటారు."

పోర్టల్ పని చూసుకోవడానికి చిన్మయి అనే అమ్మాయి కొత్తగా చేరింది. కాకినాడ నుంచి వచ్చిన కుటుంబం, చురుకైన పిల్ల. ఆ అమ్మాయే సునీతను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. కొత్త పాఠ్యపుస్తకాల మొదటి పేజీల్లో విద్యా ప్రమాణాలని అచ్చువేశారు కదా, లెక్కలకి అవి అయిదు. సమస్యను సాధించడం, కారణం చెప్పడం, లెక్కను మాటల్లో వ్యక్తపరచడం, బొమ్మగానో పట్టికగానో చూపడం, బతుకులోని విషయాలతో ముడిపెట్టడం. ఇప్పటిదాకా పెట్టిన పరీక్షల్లోని ప్రశ్నలన్నీ పోర్టల్‌లోకి ఎక్కించి, ఒక్కో ప్రశ్న ఈ అయిదింటిలో దేనికి చెందుతుందో చూసి దానికి కలపాలి. మార్కులు ఎక్కించగానే పోర్టల్ ఒక్కో పిల్ల పేరు ఎదురుగా అయిదు గడులు గీసి రంగులు నింపుతుంది. వచ్చినదానికి ఆకుపచ్చ, రానిదానికి ఎరుపు.

దసరా సెలవులయ్యాక సునీత కంప్యూటరు గదిలో కూర్చుని ఏడో తరగతి పేపర్లు ఎక్కించింది. నెట్టు నత్తలా నడిచేది. అయినా ఓపికగా, నిజాయితీగా ఒక్కో ప్రశ్నను చదివి కలిపింది. ఆఖరి మీట నొక్కి, తన పిల్లల పేర్ల ఎదుట పచ్చదనం చూడబోతున్నానని కుర్చీ ముందుకు జరుపుకుంది.

తెర మీద ప్రతి పేరుకీ మొదటి గడి పచ్చగా మెరిసింది. మిగతా నాలుగూ ఖాళీ. ఎరుపు కూడా కాదు, ఏ రంగూ లేదు. తరగతి మొత్తానికీ పైనుంచి కిందిదాకా నాలుగు వరసలు బోసిగా, సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి.

"చిన్మయీ, ఇటు రా జర. నీ మిషన్ ఖరాబైనట్టుంది," అని పిలిచింది.

చిన్మయి వచ్చి రెండు మూడు చోట్ల నొక్కి చూసింది. తర్వాత మెల్లగా అంది. "పోర్టల్ బాగానే ఉందండీ. ఆ నాలుగింటికీ కలపడానికి మీ పేపర్లలో ఒక్క ప్రశ్న కూడా లేదు."

"లేదా?"

"లేదండీ. జూన్ నుంచి అన్నీ ఒక్క రకమే. సాధించుము, సూక్ష్మీకరించుము, విలువ కనుగొనుము."

సునీత పేపర్లను మళ్లీ తిరగేసింది. కారణం చెప్పమని అడిగిన ప్రశ్న ఒక్కటైనా ఉంటుందేమోనని వెతికింది. బొమ్మ గీయమన్నది ఒక్కటైనా కనిపించకపోదా అనుకుంది. ఏదీ లేదు. చెవులు గుయ్యిమన్నాయి. బడి మీదుగా ఏదో విమానం దిగుతోందనుకుంది మొదట. తలెత్తి చూస్తే గదంతా నిశ్శబ్దంగానే ఉంది.

ఆ షాకులోనే ఆమెకి కొంచెం పౌరుషం కూడా వచ్చింది. అడగలేదు సరే, అడిగితే నా పిల్లలు చెప్పలేరా? మర్నాడు తరగతిలో చిన్న పరీక్ష పెట్టింది. భిన్నాల పాఠం అప్పటికి ఎప్పుడో అయిపోయింది. సగానికి మూడో వంతు కలిపితే అయిదు బై ఆరు వస్తుందని అందరికీ నోటికొచ్చు. ఆ లెక్కే ఇచ్చి, కింద మూడు చిన్న ప్రశ్నలు కొత్తగా రాసింది. ఈ జవాబు ఒకటి కంటే ఎక్కువా, తక్కువా? ఎందుకు? దాన్ని బొమ్మగా గీసి చూపు.

పిల్లలు లెక్క చకచకా చేసేశారు. కింద ప్రశ్నల దగ్గరికొచ్చి పెన్నులు ఆగిపోయాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "టీచర్, ఇది సిలబస్‌లో ఉందా?" అని వెనకబెంచీ రాహుల్ లేచి అడిగాడు.

కాగితాలు దిద్దడానికి సునీత స్టాఫ్ రూములో కూర్చుంది. అందరూ అయిదు బై ఆరు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. సగం మందికి పైగా అది ఒకటి కంటే ఎక్కువ అన్నారు. బొమ్మ గీయమంటే కొందరు అయిదు గుండ్రాలు గీసి, గీత కొట్టి, దాని కింద ఆరు గుండ్రాలు గీశారు. అన్నిటికన్నా ఆమెను కుదిపేసింది సంయుక్త కాగితం. సంయుక్త తరగతిలో మొదటి పిల్ల, చేరిన నాటినుంచి లెక్కల్లో ఒక్క మార్కు పోగొట్టుకోనిది. ఆ పిల్ల కూడా 'ఎక్కువ' అనే రాసింది. ఎందుకు అన్నచోట, 'రెండు కలిపితే పెరుగుతుంది కాబట్టి' అని రాసింది.

మధ్యాహ్నం భోజనాల వేళ సునీత ఆ పిల్లని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. కోప్పడలేదు.

"సంయుక్తా, అయిదు బై ఆరు అంటె ఏంది బిడ్డా?"

"ఆన్సర్, టీచర్."

"ఆన్సరే. కాని అంటె ఏంది?"

పిల్ల అయోమయంగా చూసింది. తప్పు చేశానేమో అన్నట్టు గొంతు తగ్గించి, "పైన అయిదు, కింద ఆరు," అంది.

సునీత, "ఒక రొట్టెను ఆరు ముక్కలు చేసి అయిదు నీకిస్తె, నీ దగ్గర ఎంత ఉన్నట్టు?" అని అడిగింది.

"అయిదు ముక్కలు."

"గది రొట్టెకంటె ఎక్కువనా?"

పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. "తక్కువ! ఒక ముక్క తక్కువ కదా," అంది. వెంటనే ముఖం చిన్నబోయింది. "అంటే అయిదు బై ఆరూ, ఈ రొట్టె ముక్కలూ ఒకటేనా టీచర్? ఇది లెక్క కదా!" తర్వాత మరో మాట కూడా అంది, ఫిర్యాదులా కాదు, ఉన్నది ఉన్నట్టుగా. "నేను మొదట్లో అడిగాను టీచర్, కింది నంబర్లు ఎందుకు కూడకూడదని. పరీక్షలో అది రాదు, ఎల్‌సీఎం వేసెయ్ అన్నారు మీరు."

ఆ మాట అన్నట్టు సునీతకి గుర్తు కూడా లేదు. అది ఇంకా భయంకరంగా తోచింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే గడప మీద కూర్చుండిపోయింది. భర్త మధు ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. డ్యూటీ దిగి వచ్చి ఆమెను చూసి కంగారుపడ్డాడు.

"ఏమైందే? గిట్ల కూసున్నవేంది? పానం మంచిగ లేదా, దవాఖానకు పోదామా?"

"నాకేం కాలే. పిల్లలకు లెక్కలు రావు."

"ఎవలకు?"

"నా పిల్లలకు. నూటికి నూరు తెచ్చుకునేటోళ్లకు."

మధుకి ఏమీ అర్థం కాలేదు. "మరి నూరెట్ల వస్తున్నయి?"

"నేను వచ్చినయే అడుగుతున్న గద, అందుకు," అంది సునీత. ఆ ముక్క తన నోటినుంచే బయటికి వచ్చాక, తను ఇంతసేపూ దేనికి అదిరిపోతోందో ఆమెకి తెలిసింది. ఆమె ఏడవలేదు. మధు చాయ్ పెట్టి ఇస్తే చల్లారేదాకా పట్టుకుని కూర్చుంది.

కొత్త ప్రశ్నల మార్కులు పోర్టల్‌లోకి ఎక్కించగానే ఖాళీ గడులు నిండాయి. ఎర్రగా. నరసరాజు తెర చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఏమిటమ్మా ఇది! శనివారం పేరెంట్స్ మీటింగు. అదే రోజున పోర్టల్ అందరికీ తెరుస్తున్నాం. ఇది చూస్తే మన దగ్గర ఒక్క పిల్ల మిగులుతుందా?"

"ఉన్నదే చూపిస్తున్నది సార్."

"ఉన్నదేమిటండీ? మొన్నటిదాకా అందరికీ ఫుల్ మార్కులు, అదీ ఉన్నది. ఆ చిన్న పరీక్ష తీసేయండి. పాత ప్రశ్నలనే అయిదు ప్రమాణాలకీ సమంగా పంచి కలపండి. ఇన్నిటికి ఇన్నని. పోర్టల్‌కేం తెలుసు?"

"పోర్టల్‌కు తెల్వది సార్. నాకెర్కయింది గద. విలువ కనుగొనుము అన్న లెక్కను 'కారణం చెప్పడం' కింద ఎట్ల పెట్టాలె?"

ఆయన మళ్లీ తెర వైపు తిరిగాడు. సునీత ఆ మాటతో అది ముగిసిందనుకుంది. అక్కడే పొరపాటు పడింది.

శనివారం పొద్దున తల్లిదండ్రులు వరసలో కూర్చున్నారు. బల్లల మీద కంప్యూటర్లు పెట్టారు. అందరికంటే ముందు వచ్చింది సంయుక్త తల్లి నాగమణి. ఆమె భర్త ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం చేస్తాడు. తాడేపల్లిగూడెం దగ్గరి మనుషులు. పిల్ల చదువు కోసం నిమిషం వృథా పోనివ్వని తల్లి. తెర వైపు చూసి ముఖం విప్పారిపోయింది.

"సునీతగారూ, మా అమ్మాయికి అన్నీ ఆకుపచ్చేనండీ! మీ చలవ."

సునీత తెర చూసింది. అయిదు గడులూ పచ్చగా ఉన్నాయి. కిందికి జరిపింది. రాహుల్‌కి అయిదూ పచ్చ. అందరికీ పచ్చే. తను కలిపిన ప్రశ్నలన్నీ విడగొట్టి అయిదు ప్రమాణాలకీ పంచేసి ఉన్నాయి. చిన్న పరీక్ష ఆనవాలు కూడా లేదు. కలిపినవారి పేరు దగ్గర మాత్రం 'సునీత' అనే ఉంది.

ఆమె గది చివర నిలబడ్డ చిన్మయి వైపు చూసింది. ఆ అమ్మాయి తల దించుకుంది. సార్ చెప్తే తనే మార్చిందని ఆ తల దించుకోవడంలోనే తెలిసిపోయింది.

చుట్టూ జనం ఉన్నారు. పిల్లలున్నారు. సునీత గొంతు పెంచలేదు. నాగమణిని, సంయుక్తని పక్కనున్న ఖాళీ తరగతి గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసింది.

"అమ్మా, ఆ రంగులు నమ్మకండి. గవి నేను పెట్టినవి కావు," అని చెప్పింది. జరిగిందంతా చెప్పింది. ఏ ప్రశ్నలు అడిగిందో, ఏవి అడగలేదో, చిన్న పరీక్షలో ఏమైందో, ఏదీ దాచలేదు.

నాగమణి కూతురి వైపు తిరిగి, "నిజమేనా అమ్మా? నీకు తెలియదా?" అంది.

"అప్పుడు తెలియదు మమ్మీ. ఇప్పుడు కొంచెం తెలుసు," అంది సంయుక్త.

తల్లికి ముందు కన్నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే కోపం వచ్చింది. "ఇన్నేళ్లూ నిండా మార్కులు వేసింది మీరేనండీ! మేం అడిగామా వేయమని? మార్కులు చూసి మురిసిపోయాం. ఇప్పుడొచ్చి రాదని చెప్తే మేమేమైపోవాలి?"

"మీరన్నది నిజమే అమ్మా," అంది సునీత. తిట్టినా పడదామని నిలబడింది.

నాగమణి తిట్టలేదు. కూతురి చెయ్యి పట్టుకుని సరాసరి నరసరాజు దగ్గరికి వెళ్లింది. అక్కడ ఇంకో నలుగురైదుగురు తల్లిదండ్రులున్నారు. వాళ్లందరి ముందూ అడిగేసింది. "రాజుగారూ, మీ లలిత్ కూడా ఏడో తరగతే కదండీ. ఇంటికెళ్లి అబ్బాయిని అడగండి, సగానికి మూడో వంతు కలిపితే ఒకటి దాటుతుందా అని. అతనేం చెప్తాడో సోమవారం వచ్చి నేను తెలుసుకుంటాను."

లలిత్ నరసరాజు కొడుకు. వేరే సెక్షనైనా, వాడికీ లెక్కలు సునీతే. మార్కులకి వాడికీ కొదవ లేదు. నరసరాజు నవ్వేసి, "అడుగుతానండీ, దానికేముంది," అన్నాడు.

ఉద్యోగం పోయిందనే సునీత అనుకుంది. ఆదివారం పుట్టింటికి వెళ్లి వచ్చింది కానీ తల్లికి ఏమీ చెప్పలేదు. సోమవారం ప్రార్థన కాకముందే ఆఫీసునుంచి పిలుపు వచ్చింది. నరసరాజు బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ నలగని ఆయన చొక్కా నలిగి ఉంది.

"మావాడిని అడిగానమ్మా," అన్నాడు.

సునీత కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎక్కువన్నాడు. ఎందుకురా అంటే, అయిదూ ఆరూ రెండూ ఒకటికంటే పెద్దవే కదా నాన్నా, అన్నాడు." ఆయన బల్ల మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మావాడు ఇంజనీరవుతాడని చుట్టాలందరికీ చెప్పుకున్నానండీ. రాత్రి భోజనం దగ్గర నాకు ముద్ద దిగలేదు."

క్షమాపణ అడగలేదు. అడిగే మనిషి కాదు. "ఏడో తరగతి ఒక్కదానికి మీరు కలిపినట్టే మార్చమని చిన్మయికి చెప్పాను. మిగతా తరగతుల జోలికి ఇప్పుడే వెళ్లకండి," అన్నాడు. ఆమె లేచి వెళ్లబోతుంటే ఇంకో మాట చెప్పాడు. "పదో తరగతి మాత్రం మీ దగ్గర ఉంచలేనండీ. పబ్లిక్ పరీక్షలు. అక్కడ ఈ ప్రయోగాలు చేస్తే బడి మునుగుతుంది."

పదో తరగతి పోవడమంటే ఆ బడిలో టీచరు పరువు పోవడమే. పేరుపొందిన లెక్కల టీచరు కాస్తా చిన్న తరగతుల మేడమైంది. తోటివాళ్లలో కొందరు జాలిపడ్డారు, కొందరు 'ఎవరడిగారు చెప్పు, అనవసరంగా కెలుక్కుంది' అన్నారు. సునీతకి అది బాధగానే ఉండేది. పదో తరగతి గది ముందునుంచి నడవాల్సి వస్తే పని ఉన్నట్టు వేగంగా నడిచేది. చిన్మయి ఒకరోజు వచ్చి, "అక్కా, ఉద్యోగం కొత్త, భయపడ్డాను," అని చెప్పుకుంది. సునీత ఆమె భుజం తట్టి, "తెల్సులే. కూసో, ఈ ప్రశ్న దేనికి కలపాల్నో నాకు తోస్తలేదు, చూడు," అంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసే ప్రశ్నలు తయారుచేశారు.

అది అనుకున్నంత తేలిక కాలేదు. ఎందుకు అని అడిగే ప్రశ్న తయారుచేయాలంటే, ఎందుకో తనకి ముందు తెలియాలి. చాలాసార్లు తెలిసేది కాదు. భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని తలకిందులు ఎందుకు చేస్తామో తనకే తెలియదని తెలిసిన రోజు, ఆమె చాక్‌పీసు పట్టుకుని ఖాళీ తరగతిలో చాలాసేపు నిలబడిపోయింది. ఇన్నేళ్లు ఎట్లా చెప్పాను? ఎవరూ నన్ను అడగలేదేం? కాగితాలు మడిచి, తాళ్లు కత్తిరించి, తప్పుచేసి, దిద్దుకుని నేర్చుకుంది. కొందరు పిల్లల మార్కులు పడ్డాయి. ఇద్దరు ముగ్గురిని తల్లిదండ్రులు పసుపు బస్సుల బళ్లకి మార్చేశారు. సంయుక్తను మాత్రం నాగమణి మార్చలేదు. ప్రతి శుక్రవారం వచ్చి ఎర్ర గడులేమైనా మారాయా అని చూసుకుని, మాట్లాడకుండా వెళ్లేది. కొన్ని మారాయి. కొన్ని ఏడాది చివరిదాకా అలాగే ఉన్నాయి.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం సగటుల పాఠం నడుస్తోంది. ముగ్గురు పిల్లల వయసులు పదకొండు, పన్నెండు, పదమూడు. సునీత కూడి ముప్పైఆరు అని రాసింది. సరిగ్గా అప్పుడే ఒక విమానం కప్పు మీదుగా దిగుతుంటే ధ్యాస చెదిరి, రెండుతో భాగించి పద్దెనిమిది అని రాసేసింది. పిల్లలు వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నారు.

"టీచర్, అది తప్పు," అన్న మాట వినిపించింది.

సంయుక్త లేచి నిలబడింది. ఆ పిల్ల బోర్డు మీదిది తప్పని అనడం అదే మొదటిసారి.

"ఎక్కడ తప్పిన?"

"ఎక్కడో నేనింకా చూడలేదు టీచర్. కానీ తప్పే. ముగ్గురిలో ఎవరికీ పదమూడు దాటలేదు. సగటు పద్దెనిమిది ఎలా అవుతుంది?"

తరగతంతా తలెత్తింది. రాహుల్ వెనకబెంచీ నుంచి, "అవును టీచర్, పదకొండుకీ పదమూడుకీ మధ్యలో రావాలి!" అని అరిచాడు. ఇంకెవరో "పన్నెండే!" అన్నారు. అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. సునీత బోర్డు వైపు తిరిగి తన అంకెను చూసింది, మళ్లీ పిల్లల వైపు చూసింది. ఏళ్లుగా ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్న పిల్లలే ఇప్పుడు ఆమెతో వాదిస్తున్నారు. లెక్క చేయకముందే జవాబు ఎక్కడ ఉండాలో చెప్తున్నారు. ఆమె డస్టర్ తీసి పద్దెనిమిదిని చెరిపేసి, చాక్‌పీసు సంయుక్త చేతికిచ్చి పక్కకి జరిగింది.

2014 వేసవిలో పోర్టల్ గడువు తీరింది. తెలంగాణ వచ్చిన ఆ జూన్‌లో బడి తెరిచేసరికి నరసరాజు ఇంకో చవక కంపెనీ దగ్గర కొత్తది కొన్నాడు. అందులో మార్కులు, హాజరు తప్ప ఇంకేమీ లేవు. చిన్మయి పెళ్లై బెంగుళూరు వెళ్లిపోయింది. సునీతకి పదో తరగతి తిరిగి రాలేదు. ఆ ఏడు ఆరో తరగతికి మొదటి పేపరు రాయడానికి కూర్చున్నప్పుడు, ప్రతి ప్రశ్న రాశాక ఆగి, ఇది పిల్లలో దేన్ని అడుగుతోంది అని తనని తాను ప్రశ్నించుకుంది. రెండింటికి జవాబు దొరకలేదు. వాటిని కొట్టేసి మళ్లీ రాసింది.